పెరిగే కొద్దీ మారే శరీరం: సముద్రపు పురుగుల జాతిని పరిమాణంతో కలిపి గుర్తించే పద్ధతి

పాలీకీటా వర్గానికి చెందిన సముద్రపు పురుగును సూక్ష్మదర్శిని కింద పెట్టి గుర్తింపు కీ (వరుస ప్రశ్నలతో జాతి పేరు దగ్గరికి చేర్చే పట్టిక) తెరిస్తే, అది అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. మొప్పలు ఎన్నో ఖండితం (శరీరంలో వరుసగా ఉండే ఉంగరం లాంటి భాగం) నుంచి మొదలవుతున్నాయి, ముసుగున్న కొక్కేలు (కొన వంగి, సన్నని పొర కప్పిన శూకాలు) ఎన్నో ఖండితంలో మొదటిసారి కనిపిస్తున్నాయి, మొప్పకు ఎన్ని తంతువులున్నాయి, ఛాతీ భాగంలో ఎన్ని ఖండితాలున్నాయి అన్నవే ఆ ప్రశ్నలు. అన్నిటికీ జవాబు ఒక అంకె. ఆ అంకె పురుగు పెరిగే కొద్దీ మారుతుందన్న సంగతిని మాత్రం చాలా కీలు ఎక్కడా చెప్పవు. పూర్తిగా ఎదిగిన, బాగా భద్రపరచిన కొద్దిపాటి నమూనాలను చూసి రాసిన వర్ణన, జల్లెడలో మిగిలిన పిల్ల పురుగుకు కూడా వర్తిస్తుందని అనుకోవడం వల్ల రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. ఒకే జాతికి చెందిన చిన్నవీ పెద్దవీ రెండు జాతులుగా లెక్కకెక్కుతాయి. లేదా తేడాలన్నీ వయసు వల్లే వచ్చాయనుకుని నిజంగా వేరైన రెండు జాతులను ఒకటిగా కలిపేస్తాము. ఈ రెండింటినీ తప్పించుకోవడానికి ప్రయోగశాలలో అనుసరించవలసిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. పురుగుల ప్రాథమిక శరీర నిర్మాణం తెలిసి, కీ వాడడం అలవాటున్న పాఠకులను ఉద్దేశించి రాసినది ఇది.

శరీరం ఎలా మారుతుంది

పాలీకీట్ల శరీరానికి చివర ఉన్న తోకభాగానికి సరిగ్గా ముందు ఒక పెరుగుదల మండలం ఉంటుంది. కొత్త ఖండితాలు అక్కడే పుడతాయి కనుక, తల దగ్గరున్న ఖండితాలు అన్నిటికంటే పాతవి, తోక దగ్గరున్నవి అన్నిటికంటే కొత్తవి. ఈ ఒక్క విషయం మనసులో ఉంటే చాలా చిక్కులు అర్థమవుతాయి. ఒకే పురుగులో ముందు భాగం ఎదిగిన స్థితిని, వెనుక భాగం లేత స్థితిని చూపుతుంది. మొత్తం ఖండితాల సంఖ్య జాతి లక్షణం కావడం అరుదు. మాల్డేనిడే, పెక్టినారియిడే వంటి కుటుంబాల్లో మాత్రం ఎదిగిన పురుగుకు ఖండితాల సంఖ్య దాదాపు స్థిరంగా ఉంటుంది కనుక అక్కడ ఆ లెక్కకు విలువ ఉంది.

రెండవ మార్పు శూకాలకు, అంటే ఖండితాల పక్కల నుంచి పొడుచుకు వచ్చే గట్టి వెంట్రుకల్లాంటి వాటికి, సంబంధించినది. శూకాలు శాశ్వతమైనవి కావు. అవి రాలిపోతూ, వాటి స్థానంలో కొత్తవి పుడుతూ ఉంటాయి. పిల్ల పురుగులో ఒక ఖండితంలో కొక్కేలు ఉండి, తరువాత అదే ఖండితంలో అవి రాలి సన్నని కేశశూకాలు రావచ్చు. అప్పుడు ‘కొక్కేలు మొదలయ్యే ఖండితం’ అనే లక్షణం పురుగు ఎదిగే కొద్దీ వెనక్కు జరుగుతుంది. స్పియోనిడే కుటుంబంలో చాలా ప్రజాతుల్లో ఇలా జరుగుతుంది. యూనిసిడే, ఓనూఫిడే కుటుంబాల్లో పార్శ్వపాదం (ఖండితం పక్కన ఉండే కాలులాంటి అవయవం) కింది తమ్మెలో ఉండే దళసరి కొక్కేలు కూడా పెద్ద పురుగుల్లో మరింత వెనుక నుంచి మొదలవుతాయి.

మూడవది అవయవాలు చేరడం. మొప్పలు ఒక్కసారిగా రావు. మొదట కొన్ని ఖండితాల్లో చిన్న మొగ్గలుగా వచ్చి, తరువాత ఇతర ఖండితాలకు విస్తరిస్తాయి, శాఖలు వేస్తాయి. కనుక మొప్పకు తంతువులు ఎన్ని అన్న లెక్క పురుగు వెడల్పుతో పాటు పెరుగుతుంది. నాలుగవది అవయవాలు పోవడం, దీన్నే మనం ఎక్కువగా మరచిపోతాము. డింభక (లార్వా) దశలో ఈదడానికి ఉపయోగపడిన పొడవాటి శూకాలు అడుగున స్థిరపడ్డాక రాలిపోతాయి. కొన్ని జాతుల్లో పిల్లలకు స్పష్టంగా ఉన్న కంటిచుక్కలు పెద్దయ్యాక కనిపించవు. నెరీడిడే కుటుంబంలో ఇంకొక అడుగు ముందుకు వేసి, డింభకంలో శూకాలతో ఉన్న మొదటి ఖండితమే తన పార్శ్వపాదాలను కోల్పోయి తలలో కలిసిపోతుంది. దాని స్థానంలో తలకు మరో జత స్పర్శతంతువులు వస్తాయి. ఆ మార్పుకు ముందూ తరువాతా ఖండితాలు లెక్కపెడితే ‘మొదటి ఖండితం’ అన్న మాటకు అర్థమే మారిపోతుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. నెరీడిడే పురుగుల ప్రత్యుత్పత్తి దశను 1843లో ఓర్‌స్టెడ్ హెటెరోనెరీస్ అనే ప్రత్యేక ప్రజాతిగా వర్ణించాడు. ఆటోలైటస్ అనే సిల్లిడ్ పురుగు నుంచి విడిపోయే మగ రూపానికి పాలీబాస్ట్రికస్ అనీ, ఆడ రూపానికి సాకోనెరీస్ అనీ వేరు వేరు ప్రజాతి పేర్లు పడ్డాయి. ఒవేనియా డింభకానికి మిట్రేరియా అనీ, ఆంఫినోమిడే డింభకానికి రాస్ట్రేరియా అనీ పెట్టిన పేర్లు ఇప్పుడు డింభక రకాల పేర్లుగానే మిగిలాయి. ఆ పరిశోధకులను అజాగ్రత్తపరులని అనలేము. డి. పి. విల్సన్ 1932లో వివరించిన మిట్రేరియా రూపవిక్రియను చదివితే, తేలుతూ తిరిగే ఆ గంట ఆకారం నిమిషాల్లో సన్నని బురద పురుగుగా మారుతుందని, కళ్లారా చూడనివారు ఎవరూ ఊహించలేరని తెలుస్తుంది.

సేకరించేటప్పుడే మొదలు

గుర్తింపు సరిగా రావడమన్నది సూక్ష్మదర్శిని దగ్గర కంటే ముందే నిర్ణయమవుతుంది. ఒకే చోటు నుంచి, ఒకే రోజున, వీలైనన్ని పరిమాణాల పురుగులు దొరికేలా సేకరించాలి. 1 మిల్లీమీటరు జల్లెడ వాడితే పెద్దవే మిగులుతాయి, 0.5 మిల్లీమీటరు జల్లెడలో పిల్లలు కూడా నిలుస్తాయి. రెండు జల్లెడలను ఒకదాని కింద ఒకటి పెట్టి, వాటిలో మిగిలినదాన్ని వేరు వేరు సీసాల్లో ఉంచి, సీసా మీద జల్లెడ కొలత రాయడం మంచి అలవాటు. వేరు వేరు జల్లెడలతో చేసిన పాత సర్వేలను పోల్చేటప్పుడు ఒకదానిలో ఉన్న ‘జాతి’ మరొకదానిలో లేకపోతే, ముందుగా అనుమానించవలసినది జల్లెడనే.

బతికున్న పురుగును నేరుగా సారాయిలోనో ఫార్మాలిన్‌లోనో వేస్తే అది మెలికలు తిరిగి, ముక్కలై, ముడుచుకుపోతుంది. అలాంటి నమూనాలో పొడవు కొలత పనికిరాదు, మొప్పల మొదలు కూడా సరిగా కనిపించదు. మంచినీటిలో సుమారు 7 శాతం మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం తయారుచేసి, సముద్రపు నీటితో సమంగా కలిపి, కదలిక పూర్తిగా ఆగే వరకూ పురుగును అందులో ఉంచాలి. ఆ తరువాత సముద్రపు నీటిలో కలిపిన 10 శాతం ఫార్మాలిన్‌లో, అంటే సుమారు 4 శాతం ఫార్మాల్డిహైడ్‌లో, స్థిరపరచి, నీటితో కడిగి, 70 శాతం ఇథనాల్‌కు మార్చాలి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కలిగించే రసాయనం కనుక ఈ పని గాలి బయటికి లాగే హుడ్ కిందనే, చేతొడుగులతో జరగాలి. డీఎన్‌ఏ పరీక్ష చేయాలనుకుంటే ఫార్మాలిన్‌లో వేయడానికి ముందే శరీరపు చివరి నుంచి చిన్న ముక్క తీసి 95 శాతం లేదా అంతకంటే గాఢమైన ఇథనాల్‌లో ఉంచాలి. ఆ ముక్కకూ మిగిలిన పురుగుకూ ఒకే సంఖ్య ఇవ్వడం మరువకూడదు. ముక్క తీసే ముందు మొత్తం ఖండితాలు లెక్కపెట్టి, ఛాయాచిత్రం తీసుకోవాలి. ఆ తరువాత ఆ సమాచారం మళ్లీ దొరకదు.

ముందు కొలత, తరువాత కీ

కీ తెరవడానికి ముందే పురుగు పరిమాణం నమోదు చేయాలన్నది ఈ మొత్తం పద్ధతికి ప్రాణం. మొత్తం పొడవు సహజంగా తోచే కొలతే అయినా, పాలీకీట్ల విషయంలో అది నమ్మదగినది కాదు. తోక తెగి ఉండవచ్చు, శరీరం సాగి ఉండవచ్చు, ముడుచుకుని ఉండవచ్చు. దానికి బదులు ఒక నిర్ణీత ఖండితం దగ్గర వెడల్పు కొలవాలి. శూకాలున్న మొదటి ఖండితాన్ని ఒకటిగా లెక్కపెట్టి, పదవ శూకఖండితం దగ్గర పార్శ్వపాదాలను మినహాయించి కొలిచే వెడల్పును చాలామంది వాడుతున్నారు. యూనిసిడే వంటి పెద్ద పురుగులకు తల ముందు అంచు నుంచి పదవ శూకఖండితం చివరి వరకు ఉన్న పొడవు కూడా కలుపుతారు. ఏ ఖండితాన్ని ఎంచుకున్నా ఫరవాలేదు. ఆ కుటుంబంలో అది ఉబ్బకుండా, ముడుచుకోకుండా ఉండే భాగమై ఉండాలి, అన్ని నమూనాలకూ అదే వాడాలి, నివేదికలో అదేమిటో రాయాలి.

ఖండితాలను శూకఖండితాలుగా లెక్కపెడుతున్నామా, శూకాలు లేని మొదటి ఖండితాలను కూడా కలుపుతున్నామా అన్నది ముందే తేల్చుకోవాలి. పాత వర్ణనల్లో రెండు లెక్కలూ కలగాపులగంగా ఉంటాయి. ఒక్క ఖండితం తేడాతో జాతి మారిపోయే కుటుంబాల్లో ఈ అయోమయమే పెరుగుదల మార్పులా భ్రమింపజేస్తుంది.

మరొకటి: వర్ణన చదివేటప్పుడు అందులోని టైప్ నమూనా (జాతికి పేరు పెట్టడానికి ఆధారంగా తీసుకున్న పురుగు) పరిమాణాన్ని వెతికి పక్కన రాసుకోవాలి. ‘కొక్కేలు 18వ ఖండితం నుంచి’ అని ఉన్నప్పుడు అది ఎంత వెడల్పున్న పురుగును చూసి రాసినదో తెలియకపోతే ఆ అంకెను మన నమూనాతో పోల్చలేము. పరిమాణం ఇవ్వని వర్ణనలు చాలా ఉన్నాయి, ముఖ్యంగా పాతవాటిలో. అలాంటప్పుడు ఆ లక్షణాన్ని తీర్పు చెప్పే లక్షణంగా కాక, సూచనగా మాత్రమే తీసుకోవడం క్షేమం.

పెద్దవాటి నుంచి చిన్నవాటికి

సీసాలోని పురుగులను కుటుంబాలుగా విడదీశాక, ఒక్కో కుటుంబంలో ఒకేలా కనిపించేవాటిని వెడల్పు ప్రకారం వరుసగా పేర్చాలి. పని పెద్దదానితో మొదలుపెట్టాలి. పూర్తిగా ఎదిగిన నమూనాలో లక్షణాలన్నీ ఉంటాయి, కీ దానికోసమే రాసి ఉంటుంది కనుక జాతి పేరు అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. తరువాత దానికంటే కాస్త చిన్నదాన్ని తీసుకుని, ఏ లక్షణాలు మారలేదో, ఏవి వేరే ఖండితానికి జరిగాయో, ఏవి ఇంకా రాలేదో రాసుకుంటూ కిందికి దిగాలి. వరుసలో పక్కపక్కనున్న రెండు పురుగుల మధ్య తేడా చిన్నదైతే వాటిని ఒకే వరుసలో ఉంచవచ్చు. ఒక్కసారిగా పెద్ద తేడా కనిపిస్తే అక్కడ ఆగి, రెండవ జాతి కలిసిందేమోనని చూడాలి. చిన్న పురుగుతో మొదలుపెట్టి కీ వెంట పోతే, ఆ కుటుంబంలో సహజంగానే చిన్నగా, మొప్పలు లేకుండా ఉండే ప్రజాతి పేరు దగ్గర తేలుతుంది. నెఫ్టీడిడే కుటుంబంలో మొప్పలు ఇంకా సరిగా రాని పిల్లలను మైక్రోనెఫ్టిస్ అని రాసేయడం ఇలాంటి పొరపాటే.

ఈ వరుసను గ్రాఫుగా గీస్తే విషయం కంటికి కనిపిస్తుంది. అడ్డగీత మీద వెడల్పు, నిలువు గీత మీద కొక్కేలు మొదలయ్యే ఖండితం పెట్టి, ఒక్కో పురుగుకు ఒక్కో చుక్క వేయాలి. చుక్కలన్నీ ఒకే వాలు గీత చుట్టూ చేరితే, అంకెలు ఎంత వేరుగా ఉన్నా అది ఒకే జాతి కావడానికి అవకాశం ఎక్కువ. ఒకే వెడల్పు దగ్గర చుక్కలు రెండు గుంపులుగా విడిపోయి, రెండు సమాంతర గీతలుగా సాగితే, అది పెరుగుదలతో వివరించలేని తేడా. ఒక జాతిని గుర్తించడానికి ‘ఈ అంకె’ అని కాకుండా ‘ఈ పరిమాణానికి ఈ అంకె’ అని చెప్పగలగడమే మనకు కావలసినది. అయిదారు నమూనాలతో గీసిన గ్రాఫును నమ్మకూడదు. పరిమాణపు పరిధి అంతటా చుక్కలు పడాలి.

కాపిటెల్లిడే: విడిగా చూడవలసిన కుటుంబం

ఈ సమస్య ఇంతగా వేధించే కుటుంబం మరొకటి లేదని నా అభిప్రాయం. కాపిటెల్లిడే పురుగులు పైకి వానపాముల్లా ఉంటాయి. వాటి ప్రజాతులను వేరుచేసే ప్రధాన లక్షణం, ఛాతీ భాగంలోని ఖండితాల్లో ఎన్నిటికి కేశశూకాలు, ఎన్నిటికి కొక్కేలు ఉన్నాయన్నది. మీడియోమాస్టస్‌లో మొదటి 4 శూకఖండితాల్లో కేశశూకాలుంటాయి, హెటెరోమాస్టస్‌లో మొదటి 5 ఖండితాల్లో ఉంటాయి, నోటోమాస్టస్‌లో ఛాతీలోని 11 శూకఖండితాల్లోనూ కేశశూకాలే ఉంటాయి. అంటే ప్రజాతి పేరే ఒక్క ఖండితంలోని శూకం మీద ఆధారపడి ఉంది. ఆ శూకమేమో పెరుగుదలతో మారుతుంది. హెటెరోమాస్టస్ ఫిలిఫార్మిస్‌లో ఇలా శూకాలు మారతాయని ఫ్రెడెట్ 1982లో చూపాడు. ఇంకా ఎదగని హెటెరోమాస్టస్‌లో అయిదవ ఖండితంలో కొక్కేలే ఉంటే, కీ దాన్ని నిశ్చింతగా మీడియోమాస్టస్ దగ్గరికి పంపుతుంది. కాపిటెల్లా పిల్లల్లో కూడా, పెద్దయ్యాక కేశశూకాలు మాత్రమే ఉండే ఖండితాల్లో కొక్కేలు కనిపిస్తాయి.

అటువంటి పురుగు చేతికొస్తే చేయవలసినవి ఇవి. మొదట ఛాతీ భాగాన్ని గ్లిజరిన్‌తో స్లైడు మీద పక్కకు తిప్పి పరచి, ఒక్కో ఖండితంలో పై తమ్మెలోనూ కింది తమ్మెలోనూ ఉన్న శూకాలను విడివిడిగా నమోదు చేయాలి. రెండు తమ్మెలూ ఒకేసారి మారాలన్న నియమం లేదు. తరువాత సరిహద్దు ఖండితంలో కేశశూకాలూ కొక్కేలూ కలిసి ఉన్నాయేమో వెతకాలి. ఒకే కట్టలో రెండూ ఉంటే అది మార్పు మధ్యలో ఉన్న పురుగు, దాని ప్రజాతిని శూకాల అమరికతో తేల్చే ప్రయత్నం మానుకోవాలి. ఎక్కువ శక్తి గల కటకంతో చూస్తే చర్మం లోపల ఇంకా బయటికి రాని కొత్త శూకాల మొనలు కనిపిస్తాయి. కొక్కేల కట్ట కింద కేశశూకం మొన ఉంటే అది ఎటు మారబోతోందో ముందే తెలిసినట్టే. ఆ తరువాత ఛాతీలోని మొత్తం శూకఖండితాలు లెక్కించాలి. మీడియోమాస్టస్‌కు 10, హెటెరోమాస్టస్‌కు 11 కనుక, ఛాతీకీ పొట్టకూ మధ్య సరిహద్దు స్పష్టంగా ఉన్న నమూనాలో ఈ లెక్క కేశశూకాల లెక్క కంటే నిలకడైనది. చివరగా మిథైల్ గ్రీన్ రంగు పట్టించి, ఏ ఖండితాలు రంగును పట్టి ఉంచుతున్నాయో పెద్ద నమూనాతో పోల్చాలి. ఆ రంగు నీటిలోనో సారాయిలోనో కాసేపట్లో పోతుంది కనుక నమూనా పాడవదు. గ్రంథులు ఎదిగిన మేరకే రంగు పడుతుంది కాబట్టి మరీ చిన్న పురుగుల్లో రంగు పడే తీరు అస్పష్టంగా ఉండవచ్చు. రంగు పట్టకపోవడాన్ని తేడాగా లెక్కించకూడదు.

ఇదే కుటుంబం ఎదురు హెచ్చరిక కూడా ఇస్తుంది. కాపిటెల్లా కాపిటాటా అని ప్రపంచమంతటా పిలిచిన పురుగులో కనీసం ఆరు వేరు జాతులు దాగి ఉన్నాయని జుడిత్ గ్రాసెల్, ఫ్రెడరిక్ గ్రాసెల్ 1976లో ఎంజైముల విద్యుత్ విభజన ద్వారా చూపారు. పెద్ద పురుగులు దాదాపు ఒకేలా ఉండి, పిల్లలను కనే తీరులో, డింభకాల జీవితంలో తేడాలు కనిపించాయి. వాటిలో ఒకటి 2009లో కాపిటెల్లా టెలీటా అనే పేరు పొందింది. కాబట్టి ‘ఇవన్నీ వయసు తేడాలే’ అని తోసిపుచ్చడం కూడా ప్రమాదమే.

ఇతర కుటుంబాల్లో నమ్మదగినవి, నమ్మకూడనివి

ప్రతి కుటుంబానికీ కొన్ని స్థిర లక్షణాలు ఉంటాయి. వాటిని ముందుగా పట్టుకోవాలి. స్పియోనిడేలో పాలిడోరా ప్రజాతికి అయిదవ శూకఖండితం దళసరి శూకాలతో వేరుగా ఉంటుంది, కొక్కేలు ఏడవ ఖండితం నుంచి వస్తాయి. సూడోపాలిడోరాలో ఎనిమిదవ ఖండితం నుంచి. ఇవి పరిమాణంతో స్థానం మారవు. అదే పాలిడోరాలో తల వెనుక వీపు మీద ఉండే ఘ్రాణ గట్టు మాత్రం పురుగు ఎదిగే కొద్దీ వెనుక ఖండితాల మీదికి పాకుతుంది కనుక ‘గట్టు నాలుగవ ఖండితం వరకు’ అన్న వాక్యాన్ని పరిమాణం లేకుండా చదవకూడదు.

టెరెబెల్లిడేలో మొప్పల జతల సంఖ్య ప్రజాతి లక్షణం. పిల్లల్లో అవి ఒక్కో జతగా వస్తాయి. మూడు జతలుండవలసిన పురుగు ఒక దశలో రెండు జతలతో, అంతకుముందు ఒకే జతతో ఉంటుంది. మొప్పలు తెగిపోయిన మచ్చలకూ, ఇంకా రాని చోట్లకూ తేడా చూడడం ఇక్కడ ముఖ్యం. తెగినచోట గుండ్రని గుర్తు మిగులుతుంది. ఎదిగిన పురుగుల్లో పదకొండవ ఖండితం నుంచి రెండు వరుసలుగా ఉండే చిన్న కొక్కేలు పిల్లల్లో ఒకే వరుసగా ఉండవచ్చు.

పాలినోయిడే పురుగుల వీపును కప్పే పొలుసుల సంఖ్య ఎదిగాక స్థిరమే. లెపిడోనోటస్‌కు 12 జతలు, హార్మథోయీకి 15 జతలు. ఖండితాలు పూర్తిగా రాని పిల్లకు తక్కువ జతలుంటాయి కనుక, పన్నెండు కనిపించగానే పేరు రాయకుండా తోక దగ్గర ఖండితాలు ఇంకా పుడుతున్నాయేమో చూడాలి. పొలుసు అంచు వెంట్రుకలూ మీది బుడిపెలూ కూడా వయసుతో పెరుగుతాయి.

ఆర్బినియిడేలో ఛాతీ ఖండితాల సంఖ్య పరిమాణంతో పెరుగుతుంది. స్టెర్నాస్పిడేలో జాతులను వేరుచేసే వెనుక డాలు పిల్లల్లో పూర్తిగా గట్టిపడి ఉండదు. సిర్రాటులిడేలో ముందు భాగపు తంతువులు సంఖ్యలో పెరుగుతాయి, సూదిశూకాల మొదలు కూడా మారుతుంది.

సెర్పులిడే గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సున్నపు గొట్టాల్లో ఉండే ఈ పురుగులను గొట్టం నోటిని మూసే మూతతో గుర్తుపడతాము. హైడ్రోయిడిస్ ప్రజాతిలో ఎదిగిన మూతకు గరాటు మీద ముళ్ల కిరీటం ఉంటుంది. పిల్లల్లో మొదట వచ్చే మూతకు, ఆ కిరీటం ఏర్పడకముందు, మరో ప్రజాతి పోలిక ఉంటుంది. మూత తెగితే మళ్లీ మొలిచే మూత కూడా మొదట్లో అలాగే సాదాగా ఉండవచ్చు. 1971లో హైడ్రోయిడిస్ ప్రిస్కస్ అన్న పేరుతో వర్ణించిన రూపాన్ని 2005లో టెన్ హోవ్, బెన్-ఎలియాహు తిరిగి పరిశీలించి, సెర్పులిడే ప్రజాతుల్లో పెరుగుదల దశలు వర్గీకరణను ఎలా తికమక పెడతాయో వివరించారు. మూత ఒక్కదాన్నే చూసి పేరు పెట్టకుండా, మెడ దగ్గరి శూకాల ఆకారాన్నీ గొట్టపు గీతలనూ కలిపి చూడాలి.

యూనిసిడేలో మార్ఫైసా సాంగ్వినియా ఉదాహరణ అందరికీ తెలిసినదే. ఇంగ్లండు తీరం నుంచి పంతొమ్మిదవ శతాబ్దం తొలినాళ్లలో వర్ణించిన ఈ పేరును ప్రపంచంలోని ఎన్నో తీరాల పురుగులకు తగిలించారు. మొప్పల తంతువులు ఎన్నైనా, అవి ఎక్కడ మొదలైనా ‘వైవిధ్యం’ అనే సంచిలో పడిపోయాయి. హచింగ్స్, కరాజియోర్గోపౌలోస్ 2003లో ఆ జాతిని దాని మూల ప్రాంతపు నమూనాలతో తిరిగి వర్ణించి, ఆస్ట్రేలియాలోని మోర్టన్ బే పురుగును మార్ఫైసా ముల్లావా అని వేరుచేశారు. పెరుగుదల వల్ల వచ్చే మార్పు పరిధి ముందుగా తెలిస్తేనే దానికి బయట పడే తేడా కనిపిస్తుంది.

పిల్ల పురుగా, చిన్న జాతి పురుగా

చిన్నగా ఉన్నంత మాత్రాన పిల్ల కాదు. పూర్తిగా ఎదిగినా కొన్ని మిల్లీమీటర్లు దాటని జాతులు పాలీకీట్లలో ఎన్నో ఉన్నాయి. దీన్ని తేల్చే అత్యుత్తమ ఆధారం బీజకణాలు. శరీరకుహరంలో అండాలు నిండి ఉన్న పురుగు, ఎంత చిన్నదైనా, ఎదిగినదే. దాన్ని మరో పెద్ద జాతి పిల్లగా రాయడానికి వీల్లేదు. చర్మం పలుచగా ఉంటే అండాలు బయటి నుంచే కనిపిస్తాయి, లేకపోతే మధ్య భాగంలో చిన్న గాటు పెట్టి చూడాలి. అండాలు లేవన్నది మాత్రం దేనికీ రుజువు కాదు, ఎందుకంటే చాలా జాతుల్లో అవి ఏడాదిలో కొంతకాలమే ఉంటాయి. పరిమాణం వయసుకు సమానమూ కాదు. ఆహారం, వేడిమి అనుకూలంగా లేనిచోట ముసలి పురుగు కూడా చిన్నగానే ఉంటుంది.

ఓసెడాక్స్ అనే ఎముకలు తినే పురుగుల్లో చాలా జాతుల మగవి డింభకం పరిమాణంలోనే ఉండిపోయి ఆడదాని గొట్టంలో నివసిస్తాయి. వాటిని పిల్లలుగా లెక్కించడం ఎంత సులభమో చెప్పనక్కరలేదు.

ప్రత్యుత్పత్తి దశలో శరీరం మరోసారి మారుతుంది. నెరీడిడేలో కళ్లు ఉబ్బుతాయి, మధ్య భాగం నుంచి పార్శ్వపాదాలు వెడల్పవుతాయి, మామూలు శూకాల స్థానంలో తెడ్డులాంటివి వస్తాయి. ఈ దశ పురుగులో మారిన ఖండితాల శూకాలను కీలో వాడకూడదు. మారని ముందు ఖండితాలు, దవడలు, గొంతు మీది గట్టి పళ్ల అమరిక చూడాలి. పళ్ల సంఖ్యలో ఒకే జాతిలోనూ ఎక్కువ తేడా ఉంటుంది కనుక ఏ ప్రాంతంలో ఉన్నాయి, ఏ ఆకారంలో ఉన్నాయి అన్నదానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. సమోవా దగ్గర సముద్రంపైకి తేలివచ్చే పలోలో పురుగుది మరో తీరు. అక్కడ విడిపోయి వచ్చేది తల లేని వెనుక భాగం మాత్రమే, జాతి లక్షణాలున్న ముందు భాగం అడుగునే ఉండిపోతుంది.

తెగిన, మళ్లీ మొలిచిన పురుగులు

తెగిన భాగం మళ్లీ మొలవడం వల్ల వచ్చే రూపం పెరుగుదల దశను అచ్చంగా పోలి ఉంటుంది. తోక తెగి మళ్లీ మొలిచినచోట ఖండితాలు ఒక్కసారిగా సన్నబడి, లేత రంగులో ఉంటాయి. ఆ భాగంలో మొప్పలు, కొక్కేలు పిల్లల లక్షణాలతో ఉంటాయి. తల మొలిచినప్పుడు ముందు ఖండితాల సంఖ్య తేడాగా ఉండవచ్చు, అప్పుడు ‘ఎన్నో ఖండితం’ అనే ప్రతి లెక్కా తప్పుతుంది. వెడల్పులో హఠాత్తుగా మార్పు కనిపించిన నమూనాను గ్రాఫు నుంచి మినహాయించి, ఎందుకు మినహాయించామో రాయాలి. ముందు భాగం మాత్రమే దొరికిన ముక్కతో కొన్ని ప్రశ్నలకు జవాబే ఉండదు. నెరీస్‌నూ నియాంథెస్‌నూ వేరుచేసే గుర్తు వెనుక ఖండితాల పై తమ్మెలోని కొడవలి శూకాలు కనుక, ఆ భాగం లేనప్పుడు కుటుంబం పేరుతో ఆగిపోవాలి.

డీఎన్‌ఏ ఎక్కడ ఉపయోగం

వరుస మధ్యలో ఖాళీ ఉన్నప్పుడు, లేదా గ్రాఫులో రెండు గీతలున్నాయో ఒకటే ఉందో తేలనప్పుడు డీఎన్‌ఏ పరీక్ష అక్కరకొస్తుంది. జాతులను పోల్చడానికి వాడే సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులోని సుమారు 658 క్షారాల భాగాన్ని ఎక్కువగా వాడతారు. పాలీకీట్లలో అది అన్నిసార్లూ సులభంగా రాదు కనుక 16ఎస్ జన్యువును కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. డబ్బు పరిమితంగా ఉంటే పెద్ద పురుగులన్నిటినీ పరీక్షించడం వృథా. అతి పెద్దది, అతి చిన్నది, మార్పు మధ్యలో ఉన్నది, గీతకు దూరంగా పడినది, ఈ నాలుగు చోట్ల నుంచి కొన్నేసి తీసుకోవాలి. అతి చిన్నదీ అతి పెద్దదీ ఒకే క్రమాన్ని చూపితే మధ్య దశల గురించి శరీరం చెప్పినదాన్ని ధైర్యంగా నమ్మవచ్చు. ఆన్‌లైన్ భండారంలో పోలిక దొరికినంత మాత్రాన పేరు ఖాయం కాదు. ఆ క్రమం మీది పేరు కూడా ఎవరో ఇలాగే కీ చూసి పెట్టినదే కావచ్చు.

పేరు రాయడం

నివేదికలో జాతి పేరు పెట్టలేని పిల్ల పురుగులను ఉన్నంత మేరకే రాయాలి. ‘నెరీడిడే, పిల్ల పురుగులు’ అన్న గడి, ఖాళీ గడికంటే, బలవంతపు పేరుకంటే ఉపయోగకరం. పెద్ద నమూనాతో వరుస కలిసి, ఒక లక్షణం మాత్రం తేలకపోతే పోల్చదగినదని సూచించే ‘కన్ఫర్’ గుర్తు పెట్టవచ్చు. దగ్గరి జాతే కానీ వేరుగా ఉందనిపిస్తే ‘ఆఫినిస్’ గుర్తు. ఈ రెండింటినీ ఒకదాని బదులు మరొకటి వాడకూడదు. జాతుల సంఖ్య లెక్కించేటప్పుడు, ఆ సీసాలోనే అదే కుటుంబానికి చెందిన గుర్తించిన జాతి ఉంటే, పేరు లేని పిల్లలను మరో జాతిగా కలపకూడదు. సంఖ్యాబలం లెక్కలో మాత్రం వాటిని ఉంచాలి. ప్రతి పేరు పక్కనా కొలిచిన పురుగుల సంఖ్య, అతి తక్కువ, అతి ఎక్కువ వెడల్పు, వాడిన జల్లెడ, కొక్కేలూ మొప్పలూ మొదలైన ఖండితాల పరిధి రాయాలి. వరుసలోని పెద్దదాన్నీ చిన్నదాన్నీ మార్పు మధ్యలో ఉన్నదాన్నీ ఒకే సీసాలో పడేయకుండా, విడివిడి గొట్టాల్లో సంఖ్యలతో మ్యూజియం సేకరణకు అప్పగించాలి, అండాలున్నవి ఏవో చీటీ మీద పెన్సిలుతో గుర్తు పెట్టాలి.